డాన్యూబ్ చూసిన షేక్

మా కాన్‌స్టాంటిన్ పట్నంలో వంతెనలు ఎనిమిది, వాటి కింద పారే నది ఒక్కటి. పారే అన్నది మర్యాదకి అంటున్నాను. ఎండాకాలంలో ఆ నదిలోకి మేక దిగితే గిట్టలు తడవవు. అంతంత వంతెనలు కట్టి కింద ఇంత నీటిచార పెట్టుకున్న ఊళ్లో ముప్పై మూడేళ్లు భూగోళం చెప్పినవాడికి, చచ్చేలోగా ఒక్క నిజమైన నదిని చూడాలనిపించడంలో తప్పేముంది చెప్పండి! మొక్దాద్ మేష్టారికి అలాగే అనిపించింది. అరవై ఎనిమిదో ఏట, రెండు మోకాళ్లూ ఇక మావల్ల కాదంటున్న వేళ, డాన్యూబ్ చూసొస్తానని బయలుదేరాడు.

ఉత్త కోరికే అయితే ఇంత కథ లేదు. ఆ కోరిక వెనకాల ఓ అబద్ధం ఉంది.

అది ఎనభై ఆరో సంవత్సరం. మొక్దాద్ కొత్త మేష్టారు, మీసం కూడా కొత్తదే. గోడకి పటం తగిలించి, డాన్యూబ్ నల్ల అడవిలో పుట్టి నల్ల సముద్రంలో కలుస్తుందనీ, దారిలో ఎనిమిది దేశాల్ని ఎవరి ముద్రా అడక్కుండా దాటుతుందనీ చెబుతున్నాడు. (ఆ ఎనిమిది తర్వాత పదయ్యాయి. నది మాత్రం జానెడు పెరగలేదు.) అంతలో రెండో బల్ల మీది అల్లావా అనే పన్నెండేళ్ల పిడుగు లేచి, "షేక్, మీరు దాన్ని చూశారా?" అన్నాడు.

మా ఊళ్లో పాఠం చెప్పినవాణ్ణి షేక్ అనే పిలుస్తాం, లెక్కల మేష్టారైనా, డ్రిల్లు మేష్టారైనా. షేక్ అంటే అన్నీ తెలిసినవాడు. నలభై జతల కళ్లు తన మీదుంటే చూడలేదని చెప్పడానికి ఆ కొత్త మీసానికి మనసొప్పలేదు. "చూశాను. రెండేళ్ల కిందట వేసవిలో వెళ్లాను" అనేశాడు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలి కదా, ఇంకొంచెం కూడా అతికించాడు. "ఎంత వెడల్పంటే, అవతలి ఒడ్డున నిలబడ్డవాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఇవతల మనకి తెలియదు."

అంతే! ఆ ముక్క ఊరంతా పాకింది. అన్నలు తమ్ముళ్లకి చెప్పారు. ఏటేటా కొత్త తరగతి రావడం, "షేక్, ఆ నది సంగతి చెప్పండి" అనడం, ఈయన చెప్పడం. అలా ముప్పై మూడుసార్లు చెప్పాడు. కాపీ కొట్టినవాడికి సున్నా వేసి ఇంటికి వెళ్తుంటే ప్రతిసారీ ఆ నది గుర్తొచ్చి సిగ్గేసేది. ఇప్పుడు పెన్షను చేతికొచ్చాక ఆయనకి తోచిందేమిటంటే, ఒక్కసారి వెళ్లి చూసొస్తే చాలు, పాత అబద్ధం ఆలస్యంగానైనా నిజమైపోతుంది. ఎవరికీ ఏమీ ఒప్పుకోనక్కర్లేదు. ఎంత సుఖం!

ఆ సుఖానికి అడ్డంగా, ఆ నది పారే ఓ దేశపు వీసా కేంద్రం ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా, అదే అల్లావా నడిపే జిరాక్సు కొట్టు ఉంది.

అల్లావాకి ఇప్పుడు యాభై ఏళ్లు, బొజ్జ, చెవి మీద పెన్ను. వీసా కాగితాలు నింపడంలో వాణ్ణి మించినవాడు తూర్పు జిల్లాల్లోనే లేడంటారు. వాడు మాత్రం ఏ దేశమూ వెళ్లలేదు. మూడుసార్లు తిరగ్గొట్టారు, ఆ మూడు తిరస్కారాలే వాడి చదువు. చేయకూడని తప్పులన్నీ ఓ అట్ట మీద రాసి గోడకి కొట్టాడు: ఫోటోలో నవ్వకు, చెవులు దాచకు, పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా రాయకు, బావమరిది బ్యాంకు కాగితం తెచ్చి నాదనకు. ఇంకా కింద చాలా ఉన్నాయి గానీ, వాటి మీద కాలెండరు వేలాడుతోంది.

మొక్దాద్ గుమ్మంలో కనబడగానే వాడు అదిరిపడి లేచాడు. "అయ్యో, షేక్! మీరేంటి ఇలా ఎండలో! ఒరే, లేవరా, షేక్‌ని కూర్చోనీ" అని, బల్ల మీద మ్యూజియం పేర్లు బట్టీ పడుతున్న ఓ లారీ మెకానిక్కుని లేపేశాడు. నారింజపూల నీళ్లు చిలకరించిన కాఫీ తెప్పించాడు. "ఇప్పుడు చెప్పండి. ఎక్కడికి?"

"డాన్యూబ్ దగ్గరికిరా."

"మళ్లీనా!" అని వాడి మొహం వెలిగిపోయింది.

మొక్దాద్‌కి కాఫీ గొంతులో అడ్డం పడింది. దగ్గి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, "ఆ… అదే… ఓసారి…" అని నీళ్లు నమిలాడు.

అల్లావా దరఖాస్తు తీసి కళ్లజోడు పెట్టుకున్నాడు. "వినండి షేక్. లోపల ఓ ప్రశ్న అడుగుతారు, తిరిగొస్తారా అని. పొరబాటున కూడా ఇన్షా అల్లా అనకండి."

"అదేమిట్రా? రేపు రొట్టె కొంటానన్నా ఇన్షా అల్లా అంటాం గదా."

"మనకది మాట పద్ధతి. వాళ్ల చెవికది ‘చూద్దాంలే’ అన్నట్టు ఉంటుంది. ఆ ఒక్క ముక్కకే పోయాన్నేను మొదటిసారి. ‘వస్తాను, పద్నాలుగో తారీకు, రెండున్నర విమానం’ అనాలి."

"దేవుడి చిత్తం లేకుండానే వచ్చేస్తానా?"

"దేవుడికి మనసులో చెప్పుకోండి. నోటితో విమానం నంబరు చెప్పండి. సరే, అక్కడ ఏమేం చూస్తారు?"

"నది."

"తర్వాత?"

"తర్వాత కూడా నదే. పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రం ఇంకోలా ఉంటుంది."

అల్లావా పెన్ను కింద పెట్టాడు. "నాలుగు రోజులూ నీళ్లే చూస్తానంటే ఎవడు నమ్ముతాడు షేక్? దూకడానికి వెళ్తున్నారనుకుంటారు. ఓ కోట రాస్తాను, మూడు మ్యూజియంలు, ఓ సంగీత కచేరీ. వాణ్ణి చూడండి" అని మెకానిక్కుని చూపించాడు. "ఆరు మ్యూజియంలు నోటికొచ్చు."

మెకానిక్కు గర్వంగా ఆరూ ఒప్పజెప్పాడు. నాలుగోది మ్యూజియం కాదు, రైల్వే స్టేషను. వాడి మేనమామ గారేజీ ఆ స్టేషను వెనకే ఉందిట. ఆ రోజు కొట్టులోనూ, ఎదుటి వరసలోనూ ఉన్న నలభై మందిలో నిజంగా చూసిరావడానికి వెళ్లేవాడు మొక్దాద్ ఒక్కడే. యాత్రికుడిలా కనబడనివాడూ ఆయనొక్కడే.

హోటలు గది అల్లావాయే కంప్యూటర్లో మాట్లాడిపెట్టాడు. తర్వాత దరఖాస్తులో రెండో పేజీకి వచ్చాడు. "‘ఇంతకుముందు మా దేశానికి వచ్చారా?’ ఇదిగో, అసలు బంగారం ఇక్కడుంది షేక్! పోయి, బుద్ధిగా తిరిగొచ్చినవాడంటే వాళ్లకి ప్రాణం."

"అల్లావా, అక్కడ… లేదని రాయి."

"లేదనా? మర్చిపోయారా ఏంటి! ఎనభై నాలుగు వేసవి. నన్నడగండి, నేను చెబుతా." వాడు మెకానిక్కు వైపు తిరిగి, చెయ్యి చాచి, కళ్లు సగం మూసుకుని అందుకున్నాడు. "ఎంత వెడల్పంటే, అవతలి ఒడ్డున నిలబడ్డవాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియదు! ఆ రోజు ఇంటికెళ్లి మా అమ్మకి చెబితే, ఆవిడ వంటింట్లోంచి వచ్చి మళ్లీ చెప్పమంది."

మొక్దాద్ నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు, చూడలేదురా అంటే అయిపోతుంది. కానీ ఆ యాభై ఏళ్లవాడి మొహంలో పన్నెండేళ్లవాడు కనబడుతుంటే ఆ మాట నాలుక దాటి రాలేదు.

"మరి… రుజువేదంటే?" అన్నాడు చివరికి, తేలు కుట్టిన దొంగలా.

"అదే అదృష్టం! ఆ రోజుల్లో మనవాళ్లకి చాలా చోట్లకి వీసాయే అక్కర్లేదు. పాత పాస్‌పోర్టు పోయిందనండి, సరి." అంటూ ‘అవును’ అన్న గడిలో గట్టిగా గీత కొట్టాడు. మొక్దాద్ కింద సంతకం పెట్టాడు. సంతకం గడి దాటి పక్కకి పోయింది. వయసు మీదపడిందని అల్లావా జాలిపడ్డాడు.

ఇంటికొచ్చి సంగతి చెబితే భార్య జహూర్ గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఎనభై నాలుగు వేసవా? ఆ వేసవంతా పక్క ఊళ్లో, మీలాలో, మా నాన్న ఇంటికి సున్నం కొడుతూ ఉన్నావు గదయ్యా! వీపు కాలి బొబ్బలెక్కితే పెరుగు రాసింది ఎవరనుకున్నావు, డాన్యూబా?"

"నవ్వకే. ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"వెళ్లి వాడితో నిజం చెప్పు. ఇదిగో, ఈ రొట్టె కాలేలోగా అయిపోయే పని."

"చెప్పలేనే. వాళ్లు నేర్చుకున్నదాంట్లో మిగిలింది అదొక్కటే. రాజధానులు మర్చిపోయారు, పంటలు మర్చిపోయారు, దిక్కులైనా గుర్తున్నాయో లేదో. ఆ ఒక్క వాక్యం మాత్రం పొల్లు పోకుండా ఉంది. అదే అబద్ధమైపోయింది."

జహూర్ నవ్వు ఆపి, పళ్లెంలో రొట్టె పెట్టింది. "అయితే వెళ్లి చూసిరా. చూసొచ్చాక వాడికి చెప్పినా చెప్పకపోయినా నీ ఇష్టం" అంది.

మూడు వారాలకి పిలుపొచ్చింది. మొక్దాద్ ఇస్త్రీ కోటు వేసుకుని, విమానం నంబరు దారంతా గొణుక్కుంటూ వెళ్లాడు. అద్దం వెనక ఆ దేశపు అధికారిణి కూర్చుని ఉంది. చిన్నపిల్లే, కళ్లు మాత్రం పరీక్ష హాల్లో కాపలా కాసేవాళ్ల కళ్లు. కాగితాలు తిరగేసింది.

"హోటలు గది ‘షేక్ మొక్దాద్’ పేరు మీద ఉంది. పాస్‌పోర్టులో షేక్ అని లేదే. మీరు మతబోధకులా?"

హతోస్మి! అల్లావా గోడ మీద తప్పులన్నీ రాసుకున్నాడు గానీ, తన గురువు పేరు షేక్ లేకుండా రాయడం మర్యాద కాదనుకున్నాడు.

"కాదు మేడమ్, భూగోళం చెప్పేవాణ్ణి. మా ఊళ్లో అలా పిలుస్తారు."

"అలాగా. తిరిగొస్తారా?"

ఇన్షా అల్లా నాలుక చివరిదాకా వచ్చేసింది. పళ్లు బిగించి దాన్ని మింగాడు. "వస్తాను. పద్నాలుగో తారీకు, రెండున్నర విమానం" అన్నాడు. అన్నాక, మనసులో గబగబా దేవుడికి చెప్పుకున్నాడు.

ఆమె తలూపింది. పేజీ తిప్పింది. "ఎనభై నాలుగులో వచ్చారన్నమాట. ఎలా ఉంది మా నది?"

ఆమె అడిగింది మర్యాదకే. జవాబు ఆయనకి నిద్రలో లేపినా వచ్చు. ‘ఎంత వెడల్పంటే’ అని మొదలుపెట్టాడు కూడా. మొదలుపెట్టి, అద్దంలో తన మొహం చూసుకున్నాడు. ఎదురుగా ఉన్నది పన్నెండేళ్ల పిల్ల కాదు, ఆ నది ఒడ్డున పుట్టిన మనిషి. ఎవరి నది గురించి ఎవరికి చెబుతున్నాను, ఛీ, అనుకున్నాడు.

"మేడమ్, అది తప్పు జవాబు. కొట్టేయండి" అన్నాడు. "నేనెప్పుడూ రాలేదు."

పెన్ను ఆగింది. "మరి వచ్చానని రాశారే?"

"రాసింది నేను కాదు, అల్లావా."

"అల్లావా ఎవరు?"

"నా శిష్యుడు."

"అతనికి ఎవరు చెప్పారు?"

"నేనే. ఎనభై ఆరులో. నలభై మంది పిల్లల ముందు."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆ రోజుల్లో మీవాళ్లని వీసా లేకుండానే రానిచ్చేవాళ్లం. అంత ఇష్టమున్నవాళ్లు అప్పుడే ఎందుకు రాలేదు?"

"వచ్చే ఏడు వెళ్దాంలే అనుకున్నాను మేడమ్. నది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను." భూగోళం మేష్టారు అనాల్సిన మాటేనా అది! ఆయనకే నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "ఇప్పుడు చూడాలనుకుంటున్నది అందుకే. ఆ పిల్లలకి చెప్పిన మాట అబద్ధంగా ఉండిపోకూడదని. మ్యూజియంలు గీజియంలు నాకక్కర్లేదు. నాలుగు రోజులూ ఒడ్డున కూర్చుంటాను, అంతే."

ఆమె మనసు కరిగిందో లేదో తెలియదు. కాగితం మాత్రం కరగలేదు. వెనక వరసలో ఇంకా ముప్పై మంది ఉన్నారు. "కబురు చేస్తాం" అంది.

రెండు వారాల తర్వాత కవరొచ్చింది. అల్లావా కొట్టులోనే విప్పారు. తిరస్కారం! కారణాల పట్టీలో ఒక గడిలో గీత ఉంది. అల్లావా వేలు పెట్టి చదివాడు. "‘మీరు చెప్పిన విషయాలు నమ్మదగినవిగా లేవు.’ ఛ! అసలేం చెప్పారు షేక్ లోపల?"

"నిజం."

"ఏ నిజం?"

మొక్దాద్ ఈసారి ఆగలేదు. "నేను డాన్యూబ్ చూడలేదురా అల్లావా. ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

అల్లావా ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత బొజ్జ కదిలేలా నవ్వాడు. "ఎంత మాట షేక్! కంగారులో చూళ్లేదని చెప్పేశారా? ఇదే, నా గోడ మీద లేని తప్పిదే! పోయినవాడు పోలేదనడం ఇన్నేళ్లలో ఎక్కడా చూళ్లేదు."

"కంగారు కాదురా. నీ మీద ఒట్టు. ఆ వేసవి మీలాలో సున్నం కొడుతున్నాను."

"సున్నం కొట్టి ఉంటారు, తర్వాత వెళ్లి ఉంటారు. వేసవంటే మూడు నెలలు గదా" అన్నాడు అల్లావా మెత్తగా, జ్వరంలో పలవరించేవాడితో అన్నట్టు. "చూడనివాడికి ఆ మాట ఎలా వస్తుంది షేక్? నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియదట! అది చూసినవాడి మాట. మీరు పెద్దవాళ్లు, వీసా ఇవ్వలేదని అలిగి నదినే కాదంటున్నారు."

అబద్ధాన్ని ముప్పై ఎనిమిదేళ్లు ఒక్కడూ శంకించలేదు. నిజం చెబితే అద్దం వెనకావిడా నమ్మలేదు, బల్ల వెనకవాడూ నమ్మలేదు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు, ఇంకెంతకాలం నిలబడాలో! మొక్దాద్‌కి ఏడవాలనిపించింది. అప్పుడే ఆ లారీ మెకానిక్కు మిఠాయి పొట్లంతో వచ్చాడు. వాడికి వీసా వచ్చింది. రైల్వే స్టేషను మ్యూజియం గురించి వాడు అంత భక్తిగా చెప్పాట్ట.

"ఉండండి, మీ మనసు బాగుచేస్తాను" అని అల్లావా ఫోను తీశాడు. "మన రాబహ్ గుర్తున్నాడా, మూడో బల్ల? పదిహేనేళ్లుగా ఆ నది పక్కనే రొట్టెల కొట్టులో పనిచేస్తున్నాడు." ఫోను రెండుసార్లు మోగింది. పగిలిన తెర మీద నెరిసిన గడ్డం ఒకటి కనబడి, "షేక్!" అని అరిచింది. "మీరేనా! ఆగండి, ఆగండి, చూపిస్తాను. కొట్టు వెనకే."

తెర ఊగింది, తలుపు, మెట్లు, ఆకాశం. తర్వాత నీళ్లు. బూడిద రంగు నీళ్లు, నిండుగా, తొందరలేకుండా, తెర ఈ చివరనుంచి ఆ చివరకి. మొక్దాద్ ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు. పటంలో నీలం గీతగా ముప్పై మూడేళ్లు వేలితో తోమిన నది, ఇన్నాళ్లకి కదిలింది.

"అచ్చం మీరు చెప్పినట్టే షేక్!" రాబహ్ గొంతు గాలిలో వినబడుతోంది. "వచ్చిన మొదటిరోజే ఇక్కడ నిలబడి అనుకున్నాను, షేక్ అబద్ధం చెప్పలేదురా అని. అదిగో, అవతల ఎవడో ఉన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చెప్పండి చూద్దాం! అప్పుడు మీరు ఏ ఒడ్డున నిలబడ్డారు షేక్? అక్కడికెళ్లి చూపిస్తాను."

మొక్దాద్ ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"ఇవతలి ఒడ్డున్రా రాబహ్. నేనెప్పుడూ ఇవతలి ఒడ్డునే ఉన్నాను."

"ఏంటి షేక్? సరిగ్గా కనబడట్లేదు మీరు. నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా?"

"నవ్వుతున్నారులే" అన్నాడు అల్లావా, తలెత్తకుండానే. వాడప్పటికే కొత్త దరఖాస్తు తీసి, రెండో పేజీలో, ‘అవును’ పక్కన, గుండ్రటి అక్షరాలతో రాస్తున్నాడు: ఎనభై నాలుగు వేసవి, ఇవతలి ఒడ్డు.